వెనక ఇంజను, ముందు బ్రేక్ వ్యాన్: ఒక ఖాళీ రేకును సైడింగ్ నుంచి నెట్టిన కేస్ స్టడీ

గూడ్సు బండిని వెనక్కి నడపడం అనగానే రైల్వే బయటివాళ్లకు డ్రైవరు రివర్సు గేరు వేసినట్టు అనిపిస్తుంది. ఇంజను వరకు ఆ ఊహలో పెద్ద పొరపాటు లేదు. వ్యాగ్-7 లాంటి ఎలక్ట్రిక్ ఇంజనుకు రెండు కొసల్లోనూ క్యాబు ఉంటుంది, ఏ దిక్కుకైనా ఒకే బలంతో పనిచేస్తుంది. చిక్కంతా దాని వెనకున్న బండితోనే. ఇంజను వెనక నిలబడి 58 వ్యాగన్లను నెడుతున్నప్పుడు దారిని చూసే కన్ను ఒక కొసన, బండిని ఆపే చెయ్యి ఇంకో కొసన ఉంటాయి. నడుమ సుమారు 650 మీటర్ల ఇనుము. ఆ దూరాన్ని ఏది ఎంతవరకు పూడుస్తుందన్న ప్రశ్నకు నా సర్వీసులో జరిగిన ఒక్క ఘటన ఇచ్చిన జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను గూడూరువాడిని. చెన్నై డివిజనులో గూడ్సు గార్డుగా తండయార్‌పేట లాబీ (సిబ్బంది డ్యూటీ ఎక్కే చోటు) నుంచి ఇరవయ్యేళ్లకు పైగా పనిచేశాను. 2022 జనవరి నుంచి మా హోదాను ట్రైన్ మేనేజరుగా మార్చారు కానీ, ఘటన అంతకు ముందుది కాబట్టి గార్డు అనే రాస్తాను. లాబీలో ఇప్పటికీ నోటికి వచ్చే మాట అదే.

ముందు నియమం సంగతి. స్టేషను హద్దు దాటాక ప్రత్యేక ఆదేశాలు లేనిదే ఏ ఇంజనూ బండిని నెట్టకూడదనీ, నెట్టినా గంటకు 25 కిలోమీటర్లు మించకూడదనీ జనరల్ రూల్స్‌లోని 4.12 చెబుతుంది. లైనును పరీక్షించడానికి ఇంజను ముందు బండ్లు తగిలించుకుని వెళ్లే పెట్రోల్ స్పెషల్‌కు మాత్రం 40 దాకా సడలింపు ఉంది. గార్డు ప్రయాణించే పెట్టె, అంటే బ్రేక్ వ్యాను, ముందుండి, అందులో గార్డు ఉంటే ఒక లెక్క. వట్టి వ్యాగను ముందుంటే వేగం దాదాపు మనిషి నడకకు దిగిపోవాలి. సైడింగుల్లో, అంటే సరుకు ఎక్కించి దించడానికి మెయిన్ లైను నుంచి చీలిన లైన్లలో, వీటికి తోడు ఆ సైడింగుకే రాసిన పని నియమాలు ఉంటాయి. నేను చెప్పబోయే చోట నెట్టే వేగం పరిమితి 10 కిలోమీటర్లు.

కొరుక్కుపేట నుంచి ఎన్నూరు వైపు సాగే పారిశ్రామిక వరుసలో ఒక ప్రైవేటు సైడింగు అది, పేరు అక్కర్లేదు. ఈశాన్య రుతుపవనం వాన రాత్రంతా కురిసి తెల్లవారుజామున వెలిసిన ఒక నవంబరు రోజున, బొగ్గు దించిన 58 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ల ఖాళీ రేకును, అంటే ఒకటిగా తగిలించిన వ్యాగన్ల వరుసను, అక్కడి నుంచి 3.2 కిలోమీటర్ల దూరంలోని స్టేషనుకు తేవడం మా పని. బండి లోపలికి వెళ్లినప్పుడు ఇంజను ముందుండి లాగుకుని వెళ్లింది, అంటే ఇప్పుడు అది సైడింగు లైను ముగిసిపోయే గుడ్డి కొసన ఉంది. మామూలుగానైతే ఇంజనును విప్పి పక్కనున్న ఎస్కేప్ లైను మీదుగా తిప్పి బ్రేక్ వ్యాను వైపు తగిలిస్తారు. ఆ ఎస్కేప్ లైనులో అప్పటికి పది రోజులుగా రెండు సిక్ (చెడిపోయిన) వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. ఎవరి వ్యాగన్లు, ఎవరు తీయాలి అన్న ఉత్తరాలు నడుస్తున్నాయి. వ్యాగన్లు నడవడం లేదు.

దాంతో రెండు దారులు మిగిలాయి. తండయార్‌పేట నుంచి ఇంకో ఇంజను తెప్పించి బ్రేక్ వ్యాను కొసన తగిలించి లాగించడం ఒకటి. ఇంజను దొరికి, సిబ్బంది ఎక్కి, దారి చిక్కేసరికి రెండున్నర గంటలు పడుతుందని సెక్షన్ కంట్రోలరు చెప్పారు. ఉన్న ఇంజనుతోనే నెట్టుకుంటూ రావడం రెండోది. 10 కిలోమీటర్ల వేగంతో 3.2 కిలోమీటర్లకు పంతొమ్మిది నిమిషాలు, గేట్ల దగ్గర ఆగడాలు కలిపినా ముప్పావు గంట. మా వెనకే ఇంకో లోడు బండి ఆ సైడింగు కోసం స్టేషను లూపులో (పక్క లైనులో) కాచుకుని ఉంది. నెట్టడమే నిర్ణయమైంది. ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ నేను తప్పు అనను. మన దగ్గర ఎన్నో సైడింగుల్లో బండిని నెట్టి లోపలికి పంపడం రోజువారీ పని, నియమం దాన్ని అనుమతిస్తుంది, దూరం తక్కువ, బ్రేక్ వ్యాను ముందుంది. తప్పు ఆ తర్వాతి పావుగంటలో, మేం చిన్నవనుకున్న విషయాల్లో జరిగింది.

లోకో పైలట్ నెల్లూరు జిల్లా మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. అన్నా అనే పిలిచేవాణ్ణి. బయలుదేరే ముందు మేం చేసిన పని పద్ధతి ప్రకారమే ఉంది. బండి పొడవునా నడిచి వ్యాగను తలుపులు చూశాను, ఎందుకంటే పొక్లెయిన్‌తో బొగ్గు తోడినచోట తలుపుల కొక్కాలు వేసి ఉంటాయన్న నమ్మకం లేదు. మూడు తలుపులు పాయింట్లు (లైను రెండుగా చీలే చోట్లు) తిప్పే పాయింట్‌మనుతో మూయించాను. బండి పొడవునా సాగే బ్రేక్ పైపులో గాలి తగ్గితే బ్రేకులు పడతాయి. ఇంజనులో ఆ పైపు ప్రెషరు 5 కిలోలు, నా గేజీలో 4.8. నా వాల్వు తెరిచి గాలి వదిలితే ఇంజనులో ప్రెషరు పడిందని అన్న వాకీటాకీలో చెప్పాడు. అంటే పైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా అతుక్కునే ఉంది.

వాకీటాకీలు పనిచేస్తున్నాయా అన్నది కూడా చూశాం, అయితే బండి నిలబడి ఉన్నప్పుడు, ఇద్దరమే మాట్లాడుకుంటూ చూశాం. అదే చానెల్ మీద పక్క యార్డులో ఇంకో ఇంజను షంటింగ్ చేస్తోందని నాకు తెలుసు. తెలిసీ చానెల్ మార్చమని అడగలేదు.

"ఖాళీ బండేగా గార్డు గారూ, నోటితో ఊదితే కదులుతుంది," అని అన్న నవ్వాడు. ఆ మాట ఎంత నిజమో, ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది.

ఉదయం పది దాటాక కదిలాం. బ్రేక్ వ్యాను ముందు వరండాలో నేను, నా పక్కన పాయింట్‌మను. ఎడమ చెయ్యి పచ్చ జెండా, కుడి చెయ్యి వాల్వు పిడికి దగ్గరగా. వంపు వల్ల ఇంజను నాకు కనపడదు, నా జెండా అన్నకు కనపడదు, ఉన్నదల్లా వాకీటాకీ. మొదటి గేటు మూసి ఉంది, దాటాం. రెండోది సైడింగు లోపలి రోడ్డు దాటే చోటు, గేటు లేదు, సైడింగువాళ్ల మనిషి ఒకడు జెండాతో నిలబడాలి. ఆ రోజు ఆ మనిషి లేడు. వంపు తిరగగానే, సుమారు 110 మీటర్ల దూరంలో పట్టాల మీద అడ్డంగా ఆగిపోయిన టిప్పరు లారీ కనిపించింది. చక్రం బురదలో దిగబడింది. లారీ కింద జాకీ పెడుతున్న క్లీనరు కుర్రాడి రెండు కాళ్లు, మోకాళ్ల దాకా ఎక్కించిన లుంగీ, అంతే కనపడుతున్నాయి. మిగతా ఒళ్లంతా దాని కింద ఉంది. పాయింట్‌మను విజిల్ ఊదాడు, ఆ కాళ్లు కదల్లేదు.

నేను వాకీటాకీలో "ఆపు, ఆపు" అన్నాను. అదే క్షణంలో పక్క యార్డువాళ్లు తమ ఇంజను ఏ లైనులోకి వెళ్లాలో మాట్లాడుకుంటున్నారు. ఇంజనులో అన్నకు తోడుగా ఉన్న అసిస్టెంటు పైలట్‌కు రెండు గొంతులూ కలిసి వినపడ్డాయి, నా మాట అతనికి "అప్పు" అని, అంటే అప్ లైను అని తోచింది. అది మా మాట కాదనుకుని ఊరుకున్నాడు. అతన్ని తప్పు పట్టలేను. తెలుగువాళ్లం ఇద్దరం ఒక ఇంజను మీద ఉంటే అలవాటుగా ఇంటి మాటే వస్తుంది. రైల్వేలో "అప్పు" అన్నది రోజుకు వందసార్లు వినపడే మాట, "ఆపు"కు దానికీ తేడా ఒక దీర్ఘం, ఒక ఒత్తు. గరగరమనే వాకీటాకీలో ఆ రెండూ పోతాయి.

మూడు నాలుగు సెకన్లు గడిచినా వేగం తగ్గలేదు. వాల్వు పూర్తిగా తెరిచాను.

బ్రేక్ వ్యాను లారీకి ఇరవై మీటర్ల పైచిలుకు దూరంలో ఆగింది. ఆగడానికి ముందే వెనక నుంచి ఒక చప్పుడు మా వైపు రావడం మొదలైంది. దూరంగా దడదడమని పుట్టి, వ్యాగను వ్యాగనుకూ పెరుగుతూ వచ్చి, చివరికి మా బ్రేక్ వ్యానును ఒక్క తోపు తోసింది. పాయింట్‌మను కడ్డీ పట్టుకుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. కుర్రాడు లారీ కింద నుంచి బయటికి వచ్చి మమ్మల్ని చూసి కదలకుండా నిలబడిపోయాడు. వెనక్కి నడిచి వెళ్తే బ్రేక్ వ్యాను నుంచి 37, 38వ వ్యాగన్లు, సైడింగు మధ్యనున్న పాయింట్ల మీద, ఒక్కో బోగీ (వ్యాగను కింద నాలుగు చక్రాల చట్రం) చొప్పున పట్టా దిగి ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లైను మళ్లీ చేతికి వచ్చేసరికి సాయంత్రం అయిదయింది. రెండున్నర గంటలు మిగుల్చుకోబోయి ఆరు గంటలకు పైగా పోగొట్టుకున్నాం.

లారీని తప్పించిన బ్రేకే వ్యాగన్లను ఎందుకు పట్టా దించిందన్నది ఈ కేసులో అసలు విషయం కాబట్టి, దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

బండిని లాగేటప్పుడు కప్లింగులన్నీ సాగి ఉంటాయి, వ్యాగన్లు తాడు పట్టుకున్నట్టు ఇంజను వెంట తిన్నగా వస్తాయి. నెట్టేటప్పుడు అవే కప్లింగులు ఒత్తిడిలో ఉంటాయి. తాడును లాగవచ్చు కానీ నెట్టలేమని అందరికీ తెలుసు; రైలు తాడుకూ కర్రకూ మధ్యస్థంగా ఉంటుంది. తిన్నని లైనులో నెట్టితే కర్రలా ఉంటుంది, వంపులో, పాయింట్ల మీద నెట్టితే పక్కకు వంగాలని చూస్తుంది. ఆ వంగే బలాన్ని ఆపేది చక్రం అంచు, అంటే ఫ్లాంజి. చక్రం మీద బరువు ఎంత ఎక్కువుంటే ఫ్లాంజి పట్టా పైకి ఎక్కడం అంత కష్టం. లోడు నిండిన బాక్స్‌ఎన్ 81 టన్నుల పైన ఉంటుంది, ఎనిమిది చక్రాలకు పంచితే ఒక్కో చక్రం మీద పది టన్నులు. ఖాళీది 22.5 టన్నులు, ఒక్కో చక్రం మీద మూడు టన్నులు కూడా లేవు. ఖాళీ బండి తేలిక కాబట్టి నెట్టడం భద్రమనిపిస్తుంది గానీ, పాయింట్ల మీద పట్టా దిగడానికి ఖాళీ బండే ఎక్కువ తయారుగా ఉంటుంది. వెనక నెడుతున్నదేమో 123 టన్నుల ఇంజను.

ఇక బ్రేకు సంగతి. నేను ముందు కొసన గాలి వదిలాను. బ్రేక్ పైపులో ప్రెషరు పడటం ముందు నుంచి వెనక్కి పాకుతుంది, కాబట్టి ముందు వ్యాగన్లకు బ్రేకు ముందు తగులుతుంది, ఇంజను దగ్గరివాటికి చివర్లో తగులుతుంది. పైగా గూడ్సు బండి బ్రేకులు ఉన్నపళంగా బిగియవు. సిలిండరులో ప్రెషరు పూర్తిగా చేరడానికి 18 నుంచి 30 సెకన్లు పట్టేలా బ్రేకును నడిపే డిస్ట్రిబ్యూటరు వాల్వును కావాలనే తయారుచేశారు, పొడవాటి బండిలో కుదుపు తగ్గించడానికి. ఆ సెకన్లలో ముందు భాగం నెమ్మదిస్తుంది, వెనక భాగం ఇంకా వస్తూనే ఉంటుంది. ఇంజనులో అన్న ఇంకా నాచ్‌ల మీదే, అంటే ఇంజను బలాన్ని పెంచే మెట్ల మీదే, ఉన్నాడు. బ్రేక్ పైపులోకి గాలి ఎంత పోతోందో చూపే ఎయిర్ ఫ్లో ఇండికేటరు సూది లేచి, అతను చూసి, నాచ్‌లు దించేవరకు ఇంజను నెడుతూనే ఉంది. వ్యాగ్-7లో ట్యాప్ చేంజరు ఒక్కో మెట్టూ దిగి సున్నాకు రావడానికి కూడా కొన్ని సెకన్లు పోతాయి. అంటే ముందు గోడ, వెనక తోపు, నడుమ ఖాళీ వ్యాగన్లు, వాటిలో రెండు 1:8.5 పాయింట్ల వంపు మీద. ఆ పాయింట్లలో పట్టాకూ, చక్రాన్ని దారిలో ఉంచడానికి దాని పక్కనే వేసే చెక్ రైలుకూ మధ్య ఉండాల్సిన సందులో తడిసిన బొగ్గుపొడి గట్టిపడి ఉందని తర్వాత గడ్డపారతో పొడిచి చూస్తే తేలింది.

స్పీడోమీటరు చార్టు చెప్పిన సంగతి ఇంకోటి ఉంది. నేను వాల్వు తెరిచినప్పుడు వేగం 10 కాదు, 14. తేలిక బండి, కొంచెం దిగుడు. అన్నకు తెలియకుండానే పెరిగింది. నాకూ తెలియలేదు, ఎందుకంటే బ్రేక్ వ్యానులో వేగం చూపే పరికరం ఏదీ ఉండదు. 14 అంటే సెకనుకు దాదాపు నాలుగు మీటర్లు. మాట వినపడక పోయిన ఆ నాలుగు సెకన్లకే పదహారు మీటర్లు పోయాయి. నియమం ఒప్పుకునే 25లో అయితే సెకనుకు ఏడు మీటర్లు. ఆ లెక్కన ఆ కుర్రాడి కాళ్లకూ మాకూ మధ్య దూరం మిగిలేదే కాదు. స్టేషను బయట మెయిన్ లైనులో, ఎదురుగా దారి మూసి ఉందని హామీ ఉన్నచోట 25 సరైనదే. గేటు లేని రోడ్డు, జనం తిరిగే సైడింగులో 10 కూడా ఎక్కువేనని నా అభిప్రాయం.

ప్రమాదం ఎలా జరిగిందో శాఖలన్నీ కలిసి ఉమ్మడి నోటు రాసినప్పుడు ఏమైందో రైల్వేలో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లైనువాళ్లు వేగం పెరిగిందన్నారు, ఇంజనువాళ్లు గార్డు ఒక్కసారిగా బ్రేకు వేశాడన్నారు, వ్యాగనువాళ్లు కొలతలన్నీ హద్దులోనే ఉన్నాయని సంతకం పెట్టారు. ముగ్గురు చెప్పిందీ నిజమే. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ వ్యాగన్లను దించేది కాదు. వాల్వు మెల్లగా తెరవాల్సింది కదా అని నన్ను అడిగారు. మామూలుగా ఆపాల్సి వస్తే మెల్లగానే తెరవాలి, కొద్దికొద్దిగా గాలి వదిలితే ఇంజనులో తెలిసి నాచ్‌లు దిగుతాయి, కుదుపు ఉండదు. ఎదురుగా మనిషి కాళ్లు ఉన్నప్పుడు మాత్రం రెండు ఖాళీ వ్యాగన్ల లెక్క నేను వేయను. ఆ మాటే రాసిచ్చాను.

నాది అని ఒప్పుకున్న తప్పు వేరు. కదులుతున్న బండిలో వాకీటాకీని పరీక్షించకపోవడం, ఇతరులున్న చానెల్ మీదే పని మొదలుపెట్టడం, నేను మాట్లాడుతున్నంతసేపే బండి కదలాలన్న ఒప్పందం చేసుకోకపోవడం. ఈ చివరిదే అన్నిటికంటే పెద్దది. మా పద్ధతిలో బండి కదలడం మామూలు స్థితి, ఆగడానికి మాట కావాలి. మాట చేరకపోతే బండి వస్తూనే ఉంటుంది. దాన్ని తిరగేయాలి: దారి కనపడుతున్నంత దూరాన్ని గార్డు వ్యాగన్ల లెక్కలో చెబుతూ పోవాలి, ఆ దూరంలో సగం నడిచేలోగా కొత్త మాట రాకపోతే డ్రైవరు తనంతట తానే ఆపేయాలి. అమెరికాలో 2008లో తెచ్చిన నియమాల్లో నెట్టే బండికి ముందు కొసన దారిని చూసే బాధ్యత ఒక మనిషికి అప్పగించి తీరాలని పెట్టారు. అక్కడి రైల్వేల్లో రేడియోలో దూరం చెప్పడం, మాట ఆగితే బండి ఆపడం పాత అలవాటే. మన దగ్గర మంచి గార్డులు ఇలాగే చేస్తారు గానీ, అది మనిషిని బట్టి నడుస్తోంది.

నెట్టడం అన్నది ఎప్పుడూ చెడ్డదని అనుకోకూడదు. చెన్నై బీచ్ నుంచి గుమ్మిడిపూండి వెళ్లే లోకల్ బండికి రెండు కొసల్లోనూ డ్రైవరు క్యాబు ఉంది, డ్రైవరు ప్లాట్‌ఫారం మీద నడిచి అవతలి కొసకు వెళ్తాడు. కన్నూ చెయ్యీ ఎప్పుడూ ఒకేచోట ఉంటాయి. కర్జత్ నుంచి లోనావలా ఘాటు ఎక్కేటప్పుడు వెనక బ్యాంకరు ఇంజన్లు నెడతాయి, అయినా ముందు ఇంజనులో మనిషి ఉంటాడు. క్యాబు ముందున్నా చాలదన్న సంగతి 1984 జూలై 30న స్కాట్లండులోని పోల్మాంట్ దగ్గర తేలింది: ఇంజను వెనకుండి నెడుతున్న ప్రయాణికుల బండి ఆవును ఢీకొంటే, ముందున్న తేలిక పెట్టె పట్టా దిగి పదమూడు మంది చనిపోయారు. కన్ను అక్కడే ఉంది, చెయ్యి అక్కడే ఉంది, బరువు వెనక ఉంది. మా ఖాళీ వ్యాగన్లకు ఆ పెట్టె చుట్టమే.

ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉన్న సెక్షనులో వెనక్కి నెట్టే ఆలోచనే వేరు. అక్కడ రెండు స్టేషన్ల మధ్య ఒకదాని వెనక ఒకటి బండ్లు వస్తాయి. నా వెనక సిగ్నలు దగ్గర ఇంకో బండి నిలబడి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2024 జూన్ 17న రంగాపాని దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి వెనక నుంచి ఢీకొన్నది అలాంటి సెక్షనులోనే, సిగ్నలు చెడిన ఉదయాన. అలాంటిచోట బండి విడిపోయినా, ఇంజను చెడినా సహాయ ఇంజను కోసం కాచుకోవడమే మేలు. వెనక స్టేషను మాస్టరు ఆ లైనులో ఏమీ లేదని తేల్చుకుని రాతపూర్వకంగా చెప్పేవరకు ఒక్క మీటరు కూడా వెనక్కి వెళ్లకూడదు.

ఇప్పుడు గూడ్సు బండ్లకు బ్రేక్ వ్యాను తీసేసి చివరి వ్యాగనుకు ఈఓటీటీ (ఎండ్ ఆఫ్ ట్రైన్ టెలిమెట్రీ) పరికరం తగిలించే పని సాగుతోంది. లాగే బండికి దానిమీద నాకు అభ్యంతరం లేదు. చివరి వ్యాగనులో ప్రెషరు ఎంతుందో ఇంజనుకు తెలుపుతుంది, ఇంజను నుంచి ఆజ్ఞ ఇస్తే చివర్లో గాలి కూడా వదులుతుంది. ఆ రోజు మా బండికి అదే ఉండి ఉంటే గాలి వదలడం దానికి వచ్చు, లారీ కనపడదు. అప్పుడు నెట్టాల్సి వస్తే అసిస్టెంటో పాయింట్‌మనో ముందు వ్యాగను మెట్టు పట్టుకుని వేలాడాలి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో వాకీటాకీ; చేతికి అందేచోట వాల్వు ఉండదు. బ్రేక్ వ్యాను లేని రేకును సైడింగుల్లో అరకిలోమీటరుకు మించి నెట్టకూడదని నేను అంటాను. అంతకు మించితే రెండో ఇంజను కోసం రెండున్నర గంటలు కాచుకోవడమే చవక.

ఆ ఘటన తర్వాత సైడింగువాళ్లు రోడ్డు దాటే చోట గేటు పెట్టారు, పాయింట్ల సందులు వారానికోసారి గీకించడం మొదలుపెట్టారు. ఎస్కేప్ లైనులోని రెండు సిక్ వ్యాగన్లను మూడో రోజే తీసుకెళ్లారు. అన్నతో కలిసి అదే సైడింగుకు మళ్లీ వెళ్లినప్పుడు ఇంజను తిప్పుకునే దారి ఉంది, నెట్టాల్సిన అవసరం రాలేదు. అయినా బయలుదేరే ముందు ఆయన వాకీటాకీ తీసి, "గార్డు గారూ, ఇవాళ మనం 'నిలుపు' అందాం," అన్నాడు.